ఎర్ర రంగు పూసిన చేతి పంపు

మా ఖాలా మరణించి రెండేళ్లయింది. ఆమె చిన్న కుమారుడు గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తల్లి పేరిట సదఖా జారియాగా ఏదైనా ఒక పని చేయాలన్న తపనతో కిందటి రమజానులో ఒక సహాయ సంస్థకు సొమ్ము కట్టి, బంగ్లాదేశ్‌లోని ఒక పల్లెలో చేతి పంపు వేయించాడు. పండుగ వెళ్లిన కొన్ని వారాలకు వారు ఫోటో పంపారు. కొత్త పంపు, దాని చుట్టూ ఇంకా తడి ఆరని సిమెంటు గచ్చు, పక్కన ఖాలా పేరు వ్రాసిన చిన్న పలక, బిందెలతో నిలబడిన నలుగురు పిల్లలు. ఆ ఫోటో మా కుటుంబంలో అందరి ఫోన్లకూ చేరింది. చూసినవారందరూ దుఆ చేశారు. నేనూ చేశాను. ఆ తరువాత వాడికి ఫోన్ చేసి, "తమ్ముడూ, ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందో లేదో పరీక్ష చేయించారా?" అని అడిగాను.

కాసేపు మౌనం. "భూమిలోంచి వచ్చే నీళ్లే కదా భాయీజాన్?" అన్నాడు.

వాడి మాటలో వింతేమీ లేదు. ఒక దేశ ప్రభుత్వమూ, ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థలూ ఇరవై ఏళ్ల పాటు అదే నమ్మకంతో ఉన్నాయి. ఆ నమ్మకానికి బంగ్లాదేశ్ ప్రజలు చెల్లించిన, నేటికీ చెల్లిస్తున్న మూల్యం ఎంతటిదో తెలిసినవారు మన మధ్య తక్కువ. అక్కడి పల్లెల్లో పంపు వేయించడం కోసం మన సమాజం నుండి ప్రతి రమజానులోనూ విరాళాలు వెళుతూనే ఉన్నాయి గనుక ఈ సంగతి మనం తెలుసుకోవలసిందే.

చెరువు నుండి పంపుకు

బంగ్లాదేశ్ నీటికి కరువైన దేశం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు కలిసి సముద్రంలో పడే చోట, ఆ నదులు తెచ్చి పోసిన ఒండ్రు మీదనే ఆ దేశం నిలిచి ఉంది. ప్రతి పల్లెలోనూ చెరువులున్నాయి. పూర్వం ప్రజలు ఆ చెరువుల నీరే త్రాగేవారు. స్నానమూ అందులోనే, గిన్నెలు తోమడమూ అందులోనే, పశువులను కడగడమూ అందులోనే. వరద వస్తే మరుగుదొడ్డికీ చెరువుకూ మధ్య గట్టు కూడా మిగలదు. అందువల్ల కలరా, అతిసారం ఏటేటా ఇళ్లలోని పసివారిని తీసుకుపోయేవి.

1970వ దశకంలో ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖ, యూనిసెఫ్ కలిసి దీనికొక పరిష్కారం చేపట్టాయి. నేలలోకి గొట్టం దింపి, పైన చేతి పంపు బిగిస్తే సూక్ష్మక్రిములు లేని నీరు ఇంటి ముందరే దొరుకుతుంది. అక్కడి నేల మెత్తని ఇసుక, ఒండ్రు. మన రాయలసీమలోలాగా బండను తొలిచే యంత్రం అవసరం లేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు చేతులతోనే ఒక్క రోజులో గొట్టం దింపేస్తారు. ఖర్చూ తక్కువే. ప్రభుత్వం వేసినవి కొన్నయితే, వాటిని చూసి ప్రజలు తమ సొమ్ముతో వేసుకున్నవి ఎన్నో రెట్లు. కూతురికి సంబంధం చూసేటప్పుడు ఆ ఇంట్లో పంపు ఉన్నదా అని విచారించేంత స్థాయికి అది గౌరవ చిహ్నమైంది. 1990ల నాటికి పల్లె జనంలో నూటికి తొంభై మందికి పైగా పంపు నీరే త్రాగుతున్నారు. దేశంలోని పంపుల సంఖ్య కోటికి అటూ ఇటూగా ఉండేది. పేద దేశాలకు ఆదర్శమని దానిని చూపించేవారు.

అది వట్టి గొప్ప కాదు. క్రిములు లేని నీరు నిజంగానే ఎందరో పసివారిని కాపాడింది. అందుకే తరువాత తెలిసిన విషయాన్ని జీర్ణించుకోవడం అందరికీ అంత కష్టమైంది.

కలకత్తా వైద్యుడు గుర్తించిన మచ్చలు

1983లో కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో డాక్టర్ కె. సి. సాహా అనే చర్మ వైద్యుని వద్దకు పశ్చిమ బెంగాల్ పల్లెల నుండి కొందరు రోగులు వచ్చారు. వారి ఛాతీ మీద, వీపు మీద వాన చినుకులు పడి ఆరినట్లు నల్లని, తెల్లని చుక్కలు. అరచేతులు, అరికాళ్లు గట్టిపడి, మొటిమల వలె బొబ్బలు కట్టి ఉన్నాయి. అది కుష్ఠు కాదు, గజ్జి కాదు. పాషాణం, అంటే ఆర్సెనిక్, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా శరీరంలోకి పోతే కలిగే లక్షణమని ఆయన గ్రహించారు. వారికి విషం పెట్టినవారెవరూ లేరు. వారందరూ త్రాగినది తమ గొట్టపు బావుల నీరే. కొన్నేళ్లకు సరిహద్దు అవతలి నుండి, బంగ్లాదేశ్ నుండి కూడా అలాంటి రోగులు రాసాగారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త దీపాంకర్ చక్రవర్తి 1988 నుండి పల్లె పల్లె తిరిగి నీటి నమూనాలు సేకరించి, రెండు దేశాల ప్రభుత్వాలనూ హెచ్చరిస్తూ వచ్చారు.

బంగ్లాదేశ్ ప్రభుత్వ పరీక్షలో ఆర్సెనిక్ మొదటిసారి బయటపడినది 1993లో, చాపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో. అంతకు ఒక్క ఏడాది ముందే, 1992లో, బ్రిటిష్ భూగర్భ పరిశోధన సంస్థ ఆ దేశపు భూగర్భ జలాలను పరీక్షించి నివేదిక ఇచ్చింది. ఎన్నో మూలకాల కోసం వెదికారు గాని ఆర్సెనిక్ కోసం వెదకలేదు. ఆ నిర్లక్ష్యం వల్ల తాను రోగగ్రస్తుడనయ్యానని బంగ్లాదేశ్ గ్రామస్థుడొకరు లండన్ న్యాయస్థానాల తలుపు తట్టారు. 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆయన దావాను కొట్టివేసింది. ఆ నీరు త్రాగే ప్రజల పట్ల ఆ సంస్థకు చట్టరీత్యా బాధ్యత ఏర్పడలేదన్నది తీర్పు సారాంశం. చట్టం మాట అదే కావచ్చు. అయినా ఆ తీర్పు సంగతి చదివినప్పుడల్లా నాకు మనసొప్పదు.

1998-99లో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో 3,534 బావుల నీటిని పరీక్షించారు. లోతు తక్కువ బావులలో నూటికి 27 బావుల నీటిలో లీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి ఆర్సెనిక్ ఉన్నది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలవ వంతు. 50 మైక్రోగ్రాములన్నది బంగ్లాదేశ్ ప్రభుత్వ పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లోనే తన పరిమితిని 10కి తగ్గించింది. ఆ కొలత ప్రకారం చూస్తే నూటికి 46 బావులు పనికిరానివే. అప్పటి దేశ జనాభా సుమారు పన్నెండున్నర కోట్లు. అందులో మూడున్నర కోట్ల నుండి 7 కోట్ల 70 లక్షల మంది వరకు ప్రమాదంలో ఉన్నారని, చరిత్రలో ఒక జనసమూహంపై జరిగిన విషప్రయోగాలన్నింటిలో ఇదే పెద్దదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురితమైన ఒక వ్యాసం పేర్కొంది. ఇది బంగ్లాదేశ్‌తో ఆగలేదు. మన దేశంలో ముర్షిదాబాద్, మాల్దా, నదియా, ఉత్తర 24 పరగణాల జిల్లాలు, బీహార్‌లో గంగ ఒడ్డున ఉన్న భోజ్‌పూర్ వంటి జిల్లాలు, ఉత్తరప్రదేశ్‌లోని బలియా కూడా ఇదే నేల, ఇదే నీరు, ఇదే వ్యాధి.

ఈ విషం ఎక్కడిది? కర్మాగారాలు పోసినది కాదు. హిమాలయాల రాళ్లు అరిగి, వేల ఏళ్లుగా నదులలో కొట్టుకువచ్చిన ఇసుక రేణువులకు తుప్పు వంటి ఇనుప పూత ఉంటుంది. ఆర్సెనిక్ ఆ పూతను అంటిపెట్టుకుని నీటిలోకి రాకుండా ఉంటుంది. ఒండ్రుతో పాటు కుళ్లిన ఆకులు, అలములు కూడా నేలలో పూడిపోతాయి. ప్రాణవాయువు లేని ఆ లోతున సూక్ష్మజీవులు వాటిని తింటూ, ఆ క్రమంలో ఇనుప పూతను కరిగించివేస్తాయి. పూతతో పాటు ఆర్సెనిక్ కూడా నీటిలోకి వచ్చేస్తుంది. ఇది ఎక్కువగా జరిగేది పై పొరలలో, సుమారు 50 నుండి 150 అడుగుల లోతులో. పల్లెవాసులు తక్కువ ఖర్చుతో గొట్టం దింపేదీ ఆ లోతుకే. 500 అడుగులు దాటి వెళితే, లక్షల ఏళ్ల నాటి పాత ఇసుక పొరలలో సాధారణంగా ఆర్సెనిక్ ఉండదు. ఆ సర్వేలో లోతైన బావులలో పరిమితి దాటినవి నూటికి ఒకటి మాత్రమే. రెండు పంపులు పక్కపక్కనే ఉన్నా ఒకదానిలో విషం, మరొకదానిలో మంచినీరు ఉండవచ్చు. పొరుగింటి నీరు బాగున్నదంటే మనదీ బాగున్నట్లు కాదు.

కంటికి కనిపించదు, నాలుకకు తెలియదు

ఆర్సెనిక్ కలిసిన నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరగబెడితే పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. ఒక గుక్కతో, ఒక ఏడాదితో ఏమీ కాదు. చర్మం మీద మచ్చలు రావడానికి సాధారణంగా ఐదు నుండి పదేళ్లు, అరచేతులు గట్టిపడటానికి మరికొంత కాలం, చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడానికి ఇరవై ఏళ్లు లేదా అంతకు మించి పట్టవచ్చు. గుండె జబ్బులు కూడా పెరుగుతాయి. ఇప్పటి వరకు దీనికి నమ్మకమైన మందు లేదు. ఆ నీరు మానివేసి మంచినీరు త్రాగడమే చికిత్స.

ఢాకాకు తూర్పున ఆరాయిహజార్ అనే ప్రాంతంలో 2000 నుండి సుమారు 12,000 మందిని పరిశోధకులు వరుసగా గమనిస్తూ వచ్చారు. 2010లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, ఆ కాలంలో వారిలో జరిగిన మరణాలలో సుమారు ఐదింట ఒక వంతుకు నీటిలోని ఆర్సెనిక్ కారణం. అదే ప్రాంతంలో పదేళ్ల పిల్లలను పరీక్షించిన మరో పరిశోధన, నీటిలో ఆర్సెనిక్ ఎక్కువైన కొద్దీ పిల్లల బుద్ధికుశలత తగ్గుతున్నట్లు గుర్తించింది. ఆ పిల్లల అరచేతుల మీద ఏ మచ్చా ఉండనక్కరలేదు. తమ బిడ్డ చదువులో వెనుకబడటానికి ఇంటి ముందరి పంపు కారణమని ఏ తల్లి ఊహించగలదు?

మచ్చలు వచ్చిన వారి బ్రతుకు మరొక రకమైన దుఃఖం. దానిని అంటువ్యాధిగా, శాపంగా భావించినవారున్నారు. మచ్చలున్న అమ్మాయికి పెళ్లి కుదరదు. వివాహమైన స్త్రీని పుట్టింటికి పంపివేసిన ఉదంతాలు, తలాఖ్ వరకు వెళ్లినవి, పరిశోధకుల నివేదికలలో పదే పదే కనిపిస్తాయి. భర్త, అత్తమామలు, ఆమె అందరూ త్రాగినది ఒకే పంపు నీరు. సరైన తిండి లేని శరీరంపై ఈ విషం త్వరగా పనిచేస్తుంది. ఇంట్లో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే కోడలి పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఎరుపు, ఆకుపచ్చ

2000 తరువాతి కొద్ది సంవత్సరాలలో ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రభుత్వం దాదాపు 50 లక్షల పంపులను పరీక్షించింది. మంచి నీరిచ్చే పంపు మూతికి ఆకుపచ్చ రంగు, 50 దాటిన దానికి ఎరుపు. సుమారు 14 లక్షల పంపులకు ఎర్ర రంగు పడింది. చదువు రాని వారికి కూడా అర్థమయ్యే ఉపాయమిది. చాలామంది ఆకుపచ్చ పంపు ఉన్న పొరుగింటికి బిందె పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. ఇంతవరకు చేసిన ప్రయత్నాలన్నింటిలో ఎక్కువ మందికి మేలు చేసినది ఇదేనంటారు.

ఇక్కడొక ధర్మసందేహం చాలామందికి కలుగుతుంది. ఎర్ర రంగు పంపు నీటితో ఉజూ చేయవచ్చునా, స్నానం చేయవచ్చునా? ఆరోగ్య దృష్టితో చెప్పాలంటే అభ్యంతరం లేదు. ఆర్సెనిక్ చర్మం ద్వారా లోనికి పోయేది అత్యల్పం. బట్టలు ఉతకడానికి, గిన్నెలు కడగడానికి, పుక్కిలించి ఉమ్మివేయడానికి ఆ నీరు పనికివస్తుంది. త్రాగడానికి, వంటకు మాత్రం కూడదు. అన్నం, పప్పు ఆ నీటితో వండితే విషం అన్నంలోకి చేరుతుంది.

రంగు పూయడంతో కథ ముగియలేదు. ఎండకూ వానకూ రెండు మూడేళ్లలో ఆ రంగు వెలిసిపోయింది. ప్రజలు వేసుకున్న కొత్త పంపులకు అసలు రంగే లేదు. అన్నింటికంటే పెద్ద చిక్కు దూరం. ఆకుపచ్చ పంపు అరమైలు అవతల ఉంటే, పర్దా పాటించే కుటుంబంలోని స్త్రీ రోజుకు నాలుగు సార్లు పరాయి వారి పెరడు దాటి వెళ్లి నీరు తేవాలి. అది ధనవంతుని పెరడైతే, మొదటి రోజు ఉన్న ఆదరణ పదో రోజున ఉండకపోవచ్చు. అందుకే విషమని తెలిసి కూడా ఇంటి పంపు కొట్టుకునేవారు ఉన్నారు. వారిని అజ్ఞానులనడం సులభం. రోజుకు నాలుగు బిందెలు మోసి చూస్తే ఆ మాట నోట రాదు.

లోతైన బావి దీనికి మంచి పరిష్కారం. అయితే దాని ఖర్చు పేదకు అందదు గనుక ప్రభుత్వమే వేయాలి. వేసింది కూడా, వేల సంఖ్యలో. కానీ 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ వెలువరించిన నివేదిక బాధాకరమైన విషయం బయటపెట్టింది. ఆ బావుల స్థలాలను నిర్ణయించడంలో రాజకీయ నాయకుల మాట చెల్లుబాటై, ఎన్నో బావులు అవసరం ఉన్న వాడలో గాక అనుచరుల ఇళ్ల ముంగిట వెలిశాయి. ఆ నాటికి ఇంకా సుమారు 2 కోట్ల మంది పరిమితి దాటిన నీరే త్రాగుతున్నారని, ఆర్సెనిక్ వల్ల ఏటా 43,000 మంది మరణిస్తున్నారన్న అంచనా ఉన్నదని ఆ నివేదిక పేర్కొంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని సొంత ధనంతో కొని అందరికీ విడిచిపెట్టిన వృత్తాంతాన్ని జుమా ప్రసంగాలలో వినే ఊళ్లలోనే, ప్రజల సొమ్ముతో త్రవ్విన బావి ఒకరి ప్రహరీ లోపలికి పోయింది.

ఈ చీకటిలో ఒక మంచి మాట కూడా చెప్పాలి. బంగ్లాదేశ్‌లోని కుష్టియాకు చెందిన రసాయన శాస్త్రవేత్త అబుల్ హుస్సామ్ అమెరికాలో అధ్యాపకుడు. తన సొంత ఊరి వారి కోసం, వైద్యుడైన తమ్మునితో కలిసి ఏళ్ల తరబడి శ్రమించి ఒక వడపోత సాధనాన్ని తయారుచేశారు. రెండు బాల్చీలు ఒకదానిపై ఒకటి, వాటిలో ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన ఇనుప పొర. విద్యుత్తు అక్కరలేదు. నేలలో ఆర్సెనిక్‌ను ఏ ఇనుము పట్టి ఉంచిందో, ఆ ఇనుముతోనే దానిని తిరిగి పట్టుకోవడం ఇందులోని కిటుకు. సోనో అనే ఈ సాధనానికి 2007లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీ 10 లక్షల డాలర్ల బహుమతి ఇచ్చింది. ఆ సొమ్ములో అధిక భాగాన్ని పేదలకు ఆ సాధనాలు పంచడానికే కేటాయిస్తానని ఆయన ప్రకటించారు.

తెలుగువారికి ఈ కథ పూర్తిగా కొత్త కాదు. మన దగ్గర ఆర్సెనిక్ కాదు, ఫ్లోరైడ్. అప్పటి నెల్లూరు జిల్లాలో త్రాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోతున్నాయని 1937లోనే వైద్యులు వ్రాశారు. నల్గొండ జిల్లాలో వంగిన నడుములు, మెలిదిరిగిన కాళ్లు మన కళ్లెదుటివే. అక్కడ కూడా విషం వచ్చినది భూమిలో నుండే, బోరింగుల ద్వారానే. ఒక్క తేడా ఉన్నది. నల్గొండలో కృష్ణా జలాలు తెచ్చి ఇవ్వడమనే మార్గం దొరికింది. బంగ్లాదేశ్ పల్లెల్లో నదీజలాలను శుద్ధి చేసి గొట్టాల ద్వారా ఇంటింటికీ అందించే ఏర్పాటు ఇప్పటికీ అరుదే.

ఇక మా తమ్ముని విషయం. తల్లి మరణించినప్పుడు హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (రజి) దైవప్రవక్త (సఅసం) మాట మేరకు ఆమె పేరిట బావి త్రవ్వించిన సంగతి వాడికి తెలుసు. అది విన్నాకనే వాడు పంపు వేయించాలనుకున్నాడు. వాడి మనసు నొప్పించడం నా ఉద్దేశం కాదు గనుక మాటలు వెదుక్కుంటూ మూడు ప్రశ్నలు వ్రాసి పంపాను. గొట్టం ఎన్ని అడుగులు దింపారు? నీటిలో ఆర్సెనిక్ లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు, ఏ తేదీన పరీక్షించారు? తరువాతి పరీక్ష ఎప్పుడు, ఎవరు చేస్తారు? వాటిని వాడు ఆ సంస్థకు పంపాడు. మంచి సంస్థలు ఈ మూడింటికీ అడగకముందే జవాబిస్తాయి. పంపు వేసిన రోజే నీటిని పరీక్షించి ఆ పత్రాన్ని ఫోటోతో పాటు పంపేవీ ఉన్నాయి.

వాడికి వచ్చిన జవాబులో మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానం ఉన్నది. తొంభై అడుగులు.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. చిన్న పెట్టెలో వచ్చే సామగ్రి చాలు. సీసాలో నీరు పోసి, పొడి కలిపి, మూతకు ఒక కాగితపు ముక్క అమర్చి కాసేపు ఉంచితే, ఆర్సెనిక్ ఉన్నప్పుడు ఆ కాగితం పసుపు రంగుకు, మరీ ఎక్కువగా ఉంటే గోధుమ రంగుకు తిరుగుతుంది. పంపు ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోనికి రాదు. తమ్ముడు ఆ సొమ్ము కూడా పంపాడు. నీరు చెడ్డదని తేలితే ఆ పంపుకు ఎర్ర రంగు వేయించి, పక్కనే లోతైన బావి వేయించడానికి ఎంతవుతుందో వివరాలు పంపమని వ్రాశాడు. ఒక్కడి వల్ల కాదు, నలుగురం కలిస్తే అవుతుంది. మా పెద్ద ఆపా, నేను మా వంతు ఇస్తామన్నాము. ఖాలా పేరున్న పలకను అప్పుడు ఆ కొత్త బావి దగ్గరకు మార్చమని అడిగాడు. కాగితం ఏ రంగుకు తిరిగిందో ఫోటో తీసి పంపమని కూడా చెప్పాడు. దాని కోసం ఎదురు చూస్తున్నాము.